ఓక్కో గీసిన ఉన్ని గౌను

అది యాభైతొమ్మిదో సంవత్సరం, మార్చి నెల. లేర్ పట్టణంలో ఇంకా చలిగాలి తగ్గలేదు. బుధవారం పొద్దున ఫ్రౌకె టీ తాగుతూ వారం పనంతా వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఈపూట గౌను గీతలు కాగితం మీదకి దింపుకోవాలి, మధ్యాహ్నానికి గుడ్డ కత్తిరించాలి, రేపూ ఎల్లుండీ కుట్టాలి, శనివారం ఇస్త్రీ చేయాలి. ఆదివారం అత్తగారి పుట్టినరోజుకి ఆ గౌను తొడుక్కుని వెళ్ళాలి. ఇందులో కష్టమేముంది అనుకుంది.

కష్టమంతా అత్తగారు తేదా పెట్టిన మెలికలో ఉంది. ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి. నిటారు మెట్లున్న సొంతింటిని వదిలేసి కూతురు ఆల్కె ఇంటికి మకాం మార్చబోతోంది. ఆవిడ కాలితో తొక్కే కుట్టుమిషను మాత్రం శీతాకాలమంతా ఫ్రౌకె వంటింటి కిటికీ దగ్గరే ఉంది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, ఆ మిషను టకటకలు వినపడకపోతే ఫ్రౌకెకి ఇప్పుడు పొద్దు గడవదు. ఆల్కె అయితే కుట్టుపనిలో పరీక్ష ప్యాసై పట్టా పుచ్చుకున్న మనిషి. మిషను తమకే కావాలని ఇద్దరూ అనేసరికి తేదా తీర్పు చెప్పింది.

"పుట్టినరోజుకి నువ్వు కుట్టిన గౌను వేసుకుని రా. వంటింట్లో కట్టుకునే గుడ్డ కాదు, ఒంటికి అతికినట్టుండే ఉన్ని గౌను. అది చూసి మిషను ఎవరికో చెబుతాను."

"ముందు గుండీ ఒకటి కుట్టించి చూడమ్మా," అంది ఆల్కె, వేడి టీ పోసిన కప్పులో కలకండ చిటపటలాడుతుంటే వింటూ.

అందుకే ఫ్రౌకె ఎమ్‌డెన్ దాకా వెళ్ళి బూడిదరంగు ఉన్ని గుడ్డ తెచ్చుకుంది. కుట్టుపని పత్రికలో పద్నాలుగో నంబరు గౌను ఎంచుకుంది. పత్రిక మధ్యలో మడతపెట్టి ఉన్న కాగితం విప్పేసరికి వంటింటి బల్లంతా నిండిపోయింది. నలభై రకాల బట్టల గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చుక్కల గీతలు, తుంపుల గీతలు, చుక్కా తుంపూ కలిసిన గీతలు. కోట్లూ పిల్లల లాగులూ రాత్రి చొక్కాలూ సంతలో తోసుకునే జనంలా ఆ కాగితంలోనే ఇరుక్కుని ఉన్నాయి. ఫ్రౌకెకి కళ్ళు బైర్లు కమ్మాయి.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మొగుడు ఓక్కో, టోపీ అయినా తీయకుండా బల్ల మీదకు వంగాడు. స్టేషను దగ్గర రైళ్ళకు పట్టాలు మార్చడం అతని ఉద్యోగం.

"ఇలా ఇవ్వు. రోజుకి నలభై బళ్ళని ఒకదానికొకటి తగలకుండా పంపిస్తున్నాను. ఒక్క గౌనుని పంపలేనా?"

ఫ్రౌకె మనసు కీడు శంకించింది. కానీ పదకొండేళ్ళ కాపురంలో అతను ఇంటిపనికి తనంతట తాను చెయ్యి వేయడం అదే మొదలు. వద్దంటే ఇంకెప్పుడూ వేయడేమోనని ఊరుకుంది. ఓక్కో గీతల్ని కింది కాగితం మీదకి దింపే పళ్ళచక్రం పట్టుకుని గీత వెంట శ్రద్ధగా దొర్లించుకుంటూ పోయాడు. వీపు ముక్కలో, నడుము కింద మూడు గీతలు కలిసే చోట పక్క పట్టా ఎక్కేశాడు. అది మగవాళ్ళ ఓవర్‌కోటు గీత. ఆ సంగతి ఇద్దరికీ తెలియలేదు. పైగా, కుట్టు కోసం చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్లు విడిగా వదులుకోవాలని పత్రికలో రాసి ఉంది. అతను వదిలే గీశాడని ఫ్రౌకె, కత్తిరించేటప్పుడు ఆమె వదులుతుందని ఓక్కో అనుకున్నారు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు గుడ్డంతా ముక్కలైపోయింది.

గురువారం ఫ్రౌకె గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.

"వెనక కొంచెం వదులుగా ఉన్నట్టుంది," అన్నాడు ఓక్కో.

"వెనకాల నాతోపాటు నువ్వు కూడా పడతావు. ముందేమో నేనే పట్టడం లేదు."

ఓక్కో వెళ్ళి కాగితం ముందు కూర్చున్నాడు. గీతలన్నీ వేలితో వెతికి, నడుము దగ్గర తప్పు లైనుకి మళ్ళించినట్టున్నానని ఒప్పుకున్నాడు.

"మరి నీ రైళ్ళ గతేమిటి?" అంది ఫ్రౌకె.

"రైలైతే గంట మోగుతుంది. గౌనుకి మోగలేదు."

మళ్ళీ గుడ్డ కొనడానికి వ్యవధి లేదు. ఎమ్‌డెన్ కొట్లో ఆ రంగు మిగల్లేదు కూడా. ఫ్రౌకె వెనకభాగాన్ని పెద్ద మడతగా మడిచి కుట్టింది. ముందు ఊపిరాడడానికి పక్కల్లో పేలికలు అతికింది. అవి అడ్డంగా కత్తిరించిన ముక్కలు కావడంతో వేరే గుడ్డలా మెరిశాయి. ఉన్ని తడిపి వేడి తగిలిస్తే ముడుచుకుంటుందని గుర్తొచ్చి, శుక్రవారం వెనక మడత మీద తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ నొక్కింది. ముడుచుకుంది. అనుకున్నదానికంటే ఎక్కువే ముడుచుకుని, వెనక అంచు నాలుగు వేళ్ళు పైకెక్కింది. దానికి సమానంగా ముందువైపు అంచు కత్తిరించమని ఓక్కోకి చెప్పి కుర్చీ ఎక్కి నిలబడింది. ఓక్కో కుడివైపు కాస్త, ఎడమవైపు కాస్త, మళ్ళీ కుడివైపు కాస్త కత్తిరిస్తూ పోయాడు. కుర్చీ దిగేసరికి ఫ్రౌకె మోకాళ్ళు బయటపడ్డాయి.

శనివారం ఇస్త్రీ సంగతి దేవుడెరుగు. ఫ్రౌకె ఏడుస్తూనే ఓక్కో పాత యూనిఫాం కోటు విప్పదీసి, ఆ నల్లటి నీలం గుడ్డను గౌను కింద జానెడు పట్టీగా వేసింది. సోమవారం ఆల్కె మొగుడి బండి వచ్చి మిషనుని ఎత్తుకుపోవడం ఆమె కళ్ళకు కట్టింది.

ఆదివారం తేదా ఇంట్లో ఫ్రౌకె కోటు విప్పి, వీపు గోడకు ఆనించి కూర్చుంది. తేదా ఊరుకుంటుందా? లేచి తిరగమంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క కుట్టునీ వేలితో తడిమింది. ఆల్కె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అది మరీ భయంగా ఉంది.

"ఈ పట్టీ ఏమిటి?"

"ఓక్కో కోటు అత్తమ్మా."

"ఈ వీపు?"

"అది... ఇంకెవరి కోటో."

తేదా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆల్కెకి పని వచ్చు. మిషను దానికెందుకు? రానిది నీకు. నీ దగ్గరే ఉండనీ," అంది తేదా.

ఫ్రౌకె గబుక్కున వంగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకోబోయింది.

"కానీ నీ మానాన నిన్ను వదిలేస్తే లాభం లేదు. పక్కన కూర్చుని నేర్పాలి. నేను ఆల్కె ఇంటికి పోను, మీ ఇంటికే వచ్చేస్తాను. మీకు మెట్లు కూడా లేవుగా."

ఫ్రౌకె మొగుడివైపు చూసింది. మొగుడు టీ కప్పులోకి చూశాడు.

అంత చక్కని గౌను తన జన్మలో చూడలేదని తల్లి మకాం బెడద తప్పిన ఆల్కె సోమవారం పొద్దుగూకేలోపు ఊరంతా చెప్పి వచ్చింది.