వంటింటి నిశ్శబ్దం

ఆదివారం ఉదయం బాబాయి చేయవలసిన పని చాలా చిన్నది. చొక్కా కుడి జేబులోని రికార్డింగు కార్డు తీసుకెళ్లి రేడియో కేంద్రంలో ఇవ్వాలి. ఎడమ జేబులోని కార్డు ఎవరికీ ఇవ్వకూడదు. భార్య పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆయన ఈ పని తడబడకుండా చేస్తున్నాడు. అందుకోసమే రెండు జేబుల చొక్కాలు కుట్టించుకున్నాడు.

ఆయన ఊరందరికీ బాబాయే. రేడియోలో వారం వారం 'మన చుట్టుపక్కల' అనే కార్యక్రమం చేస్తాడు. తాళాలు చేసేవాడు, కళ్లద్దాలు అమర్చేవాడు, నాటకాలకు తెరలు కుట్టే ఆవిడ, ఇలా వారానికొకరి దగ్గరికి వెళ్లి, వాళ్ల చేత మాట్లాడించి, ఆ మాటలు ఊరికి వినిపిస్తాడు. మాటలయ్యాక కూడా మైకు ఆపడు. "ఇప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడకండి, ఈ గది నిశ్శబ్దం కావాలి" అంటాడు. మాటల మధ్య దగ్గులూ తడబాట్లూ కత్తిరించిన చోట అతుకు వేయడానికి ఆ గది నిశ్శబ్దమే కావాలి, ఇంకో గదిది పనికిరాదు. తాళాల కొట్టులో నిశ్శబ్దం వేరు, కళ్లద్దాల కొట్టులో నిశ్శబ్దం వేరు. వినేవాళ్లకు ఇదంతా చాదస్తంగా ఉంటుంది. ఆయన భార్యకూ అలాగే ఉండేది.

ఎడమ జేబులో కార్డు ఆవిడది. ఒకసారి ఇంటి చప్పుళ్ల మీద కార్యక్రమం చేద్దామని వంటింట్లో మైకు పెట్టి, "కదలకు, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకు" అని భార్యకు చెప్పి, తాను పక్కగదిలో కాగితాలు దిద్దుకుంటూ ఆ సంగతే మరిచిపోయాడు. ఆవిడ కూర్చునే ఉంది. ఫ్రిజ్ మూలుగు, కుళాయి చుక్క, గోడ గడియారం. చాలాసేపటికి ఆవిడ గొంతు, "అయిందా? ఊపిరి తీసుకోవచ్చా?" అని. పక్కగదిలోంచి ఈయన గొంతు, "ఇంకొంచెం ఆగు" అని. ఆవిడ ఆగింది. కార్డు నిండిపోయేదాకా ఆగింది.

ఊళ్లో అందరి గొంతులూ పట్టుకున్న మనిషి దగ్గర భార్య గొంతు మిగిలింది ఆ రెండు ముక్కలే. "నా గొంతు ఎవరిక్కావాలి" అంటూ ఆవిడ మైకు కనబడితే పక్కకు తప్పుకునేది. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా చేయవచ్చని ఈయనా ఊరుకున్నాడు. ఆ ఎప్పుడైనా రాలేదు. కార్డుకు ఇంకో నకలు తీయించాలంటే కేంద్రంలో వినిపించాలి. వినిపిస్తే, ఆవిణ్ణి ఆగమన్న ఆ పెద్దమనిషి ఎవరని అడుగుతారు. అందుకని అది జేబులోనే ఉండిపోయింది.

ఆ ఉదయం గుమ్మం దాటబోతుంటే అక్క అడ్డుపడింది. మరదలు పోయాక తమ్ముణ్ణి చూసుకుంటానని వచ్చి ఉంటున్న మనిషి ఆవిడ. చూసుకోవడం అంటే ఆవిడ దృష్టిలో ముందు బట్టలు, తర్వాత తిండి.

"ఒరేయ్, కాలరు మీద ఆ మరకేంట్రా? నలుగురూ చూసే మనిషివి."

"రేడియోవాణ్ణి నన్నెవరు చూస్తారక్కా."

"నేను చూస్తున్నాగా. విప్పు."

విప్పాడు. ఏ జేబులోది ఆ జేబులోనే ఉండాలన్న తమ్ముడి పట్టింపు అక్కకు తెలుసు కాబట్టి కార్డులు మరీ జాగ్రత్తగా మార్చింది. పాత చొక్కాను ముందువైపు తనకు కనబడేలా పట్టుకుని వాటిని తీసింది. కొత్త చొక్కాను తమ్ముడికి తొడగడానికి వీలుగా, వీపు తనవైపు తిప్పుకుని పెట్టింది. కుడి ఎడమలు మారడానికి ఆ మాత్రం చాలు. అక్క గుండీలు కూడా తనే పెట్టి, తృప్తిగా పంపించింది.

కేంద్రంలో కార్డు అందుకునే అతన్ని కత్తెర అంటారు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు అతనికే గుర్తొస్తుంది. శబ్దాలు కత్తిరించడంలో ఎంత నేర్పో, శుభ్రతలో అంత పట్టుదల. కార్యక్రమం ముగిసిన మరుక్షణం కార్డు పూర్తిగా తుడిచేసి డబ్బాలో వేస్తాడు. ప్రసారమైనదాన్ని దాచిపెట్టే యంత్రం ఒకటి కేంద్రంలో ఉంది. అది చెడిపోయిందని పైకి రాశారు. పైవాళ్లు ఆలోచిస్తున్నారు.

"గురువుగారూ, మేడమ్ చెప్పింది నిజమేనా? వచ్చే నెల్నించి మన కార్యక్రమం తీసేస్తారట" అన్నాడు కత్తెర.

"'ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు వింటున్నారండీ' అందావిడ" అని కుడి జేబులోంచి కార్డు తీసిచ్చి, బాబాయి బయటికి వెళ్లిపోయాడు. తన గొంతు తాను వినడం ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. కేంద్రం ఎదుట బస్సుల కోసం వేసిన బెంచీ మీద కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఎడమ జేబులో కార్డు చేతి యంత్రంలో వేసి వింటాడు. ఊరంతా ఆయన మాటలు వినే ఆ కాసేపూ ఆయన వంటింటిని వింటాడు. అక్క ఉన్న ఇంట్లో నిశ్శబ్దం వినడం కుదిరే పని కాదు.

కత్తెర మొదటి సంగీతం వేసి కార్డు వదిలాడు. ఏమీ వినబడలేదు. అతనికి అనుమానం రాలేదు. క్రిందటి వారం బాబాయి తెరగుడ్డ చిరిగే చప్పుడుతో చాలాసేపు లాగాడు. ఈసారి నిశ్శబ్దంతో మొదలుపెట్టాడు కాబోలు, ఎంతైనా పెద్దాయన పెద్దాయనే అనుకుని టీ తాగడానికి వెళ్లాడు. ప్రసారం ఆగిపోతే మోగవలసిన గంట కూడా మోగలేదు. వంటింట్లో ఫ్రిజ్ ఉంది కదా, గంటకు ఆ మూలుగు చాలు.

ఊళ్లో ముందు రేడియోల మీటలు తిప్పారు. తర్వాత కిటికీల్లోంచి పక్కింటివాళ్లను అడిగారు. అన్ని ఇళ్లలోనూ అంతే అని తేలాక, ఒకావిడ తన మనసులో భయం పైకి అనేసింది. "పెద్దవాడయ్యాడు, పెళ్లాం కూడా పోయింది. ఏమైనా జరిగిందేమో." ఈ మాట వీధి మలుపు తిరిగేసరికి అందులోంచి 'ఏమో' ఊడిపోయింది.

ఇంట్లో ఫోను మోగింది. "ఇప్పుడేగా చొక్కా మార్చి పంపాను, పోవడమేంటి మీ మొహం" అని అక్క మొదటిసారి పెట్టేసింది. రెండోసారి కుర్చీలో కూర్చుని మాట్లాడింది. మూడోసారి ఫోను చేసిన మనిషి ముందే ఏడుస్తుండటంతో, తోడబుట్టినదాన్ని నేను ఏడవకపోతే బాగుండదనుకుని తానూ మొదలుపెట్టింది. మొదలుపెట్టాక అది నిజం ఏడుపే అయింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి బస్సెక్కింది.

కేంద్రం నడిపే మేడమ్ ఇంట్లో ఉంది. కార్యక్రమం తీసేస్తున్నందుకు బాబాయి చేస్తున్న మౌన నిరసన ఇదని ఆవిడ తేల్చుకుని, కోపంగా సంజాయిషీ అడుగుతూ రాస్తోంది. ఇంతలో పైఅధికారి ఫోను చేశాడు.

"మీ బాబాయి పోయాడట కదా. ఆయన సమయంలో ఇంకేదో వెయ్యకుండా మౌనం పాటించారు చూశారూ, ఎంత బాగుందండీ. ఎవరిదీ ఆలోచన?"

మేడమ్ రాస్తున్న కాగితం మడిచింది. "ఏదో నాకు తోచింది సర్" అని, వెంటనే కేంద్రానికి ఫోను చేసి, కార్యక్రమం అవగానే సంతాపం చదవమని చెప్పింది. ఆ విధంగా బాబాయి అధికారికంగా పోయాడు.

పోయినాయన బెంచీ మీద కూర్చోగానే కునుకు పట్టి, ఆ సమయానికే మెలకువ వచ్చి, చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్లు మూసుకుని కుళాయి చుక్క కోసం ఎదురుచూస్తున్నాడు. చెవిలో చుక్క పడలేదు. "గొడుగు అనేది అయ్యా, వానకి పాడవదు. గాలికి పాడవుతుంది" అంది ఒక ముసలి గొంతు. అది ఈ వారం ఊరికి వినబడవలసిన గొంతు, గొడుగులు బాగుచేసే తాతది. బాబాయి కళ్లు తెరిచాడు. కార్యక్రమం పాడైందన్న దిగులు ఆయనకు కలగనే లేదు. ఆవిడ కార్డు కత్తెర చేతిలో ఉంది, కార్యక్రమం అయిపోవచ్చింది, కత్తెర తుడిచేస్తాడు. ఆయనకు తోచింది ఇదొక్కటే. లేచి పరుగెత్తాడు. ఆ వయసులో పరుగంటే చూసేవాళ్లకు నడకలాగే ఉంటుంది.

గేటు దగ్గర అప్పటికే జనం పోగయ్యారు. కొత్తగా వచ్చిన కాపలాదారు అందరినీ వరసలో నిలబెడుతున్నాడు. బాబాయి మొహం వాళ్లలో ఒక్కరికీ తెలియదు. గొంతు తెలుసు, కానీ ఆయాసంతో ఆ గొంతు గొంతులా లేదు.

"దారివ్వండి. లోపలికి పోవాలి."

"అందరూ లోపలికి పోవాలనే వచ్చారు. పోయినాయనకి మీరేమవుతారు?"

"నేనేనయ్యా ఆయన్ని."

"ఇందాక ఒకాయన తమ్ముణ్ణన్నాడు, ఇంకొకాయన వియ్యంకుణ్ణన్నాడు. మీరింకో అడుగు ముందుకేశారు. వరసలో నిలబడండి."

నిలబడ్డాడు. ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "మీరెరుగుదురా ఆయన్ని?" అంది. "కొంచెం" అన్నాడు. "నేను మనిషిని చూళ్లేదండీ. మా అత్తగారు మంచంలో ఉన్నన్నాళ్లూ ఆదివారం వచ్చిందంటే ఆయన గొంతు కోసం కాచుక్కూచునేది. ఆ కాసేపూ మూలగడం మానేసేది" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు వింటున్నారని మేడమ్ అడిగినప్పుడు ఈ జవాబు దొరికి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఆ జవాబుతో ఆయనకు పని లేదు.

అప్పుడే బస్సు దిగిన అక్క, వరసలో తాను గుండీలు పెట్టిన చొక్కాను గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి తమ్ముడి రెండు చెంపలూ తడిమి చూసింది. ఆ తర్వాత ఒకటి అంటించింది.

"బతికే ఉన్నావా? ఉంటే ఒక ఫోను చెయ్యొద్దురా?"

ఆ గలాటాలో గేటు తెరుచుకుంది. లోపల కత్తెర బల్ల ముందు కూర్చుని ముక్కు చీదుకుంటున్నాడు. బాబాయిని చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"కార్డేదీ?"

"తుడిచేశాను గురువుగారూ. మీరు పోయారని ఏడుస్తూనే తుడిచాను. పని మాత్రం ఆపలేదు."

బాబాయి అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి భార్య పోయిందని చెప్పినప్పుడు ఆయన ఏడవలేదు. చేయవలసిన పనులున్నాయి, రావలసినవాళ్లున్నారు. ఇప్పుడు ఏ పనీ లేదు. మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాడు, "ఇంకొంచెం ఆగు" అన్నదాంతో సహా. కత్తెరకు తన శుభ్రత మీద మొదటిసారి అసహ్యం వేసింది. అక్క తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, ఏది కుడో ఏది ఎడమో ఇప్పుడే తెలుస్తున్నట్టు.

తలుపు దగ్గర గొడుగుల తాత నిలబడి ఉన్నాడు. చంకలో ఒక పాత రేడియో, క్యాసెట్టు కూడా పట్టేది. అతను వచ్చింది సంతాపానికి కాదు.

"మీరు బతికుండటం సంతోషమే అయ్యా. కానీ నా సంగతి తేల్చండి. పొద్దున్నే చుట్టాలందర్నీ పిలిచాను. అసలు నువ్వు మాట్లాడావా, ఊరికే కూచునొచ్చావా అంటోంది మా ముసలిది. ఇదిగో, మొదట్నించీ చివరిదాకా టేపు పట్టాం. ఇందులో నా గొంతు ఎక్కడుందో మీరే చూపించండి."

కత్తెర లేచి, తాత చంకలోంచి ఆ రేడియోను రెండు చేతులతో తీసుకుని బల్ల మీద పెట్టి, మీట నొక్కాడు.

ముందు ఫ్రిజ్ మూలుగు వచ్చింది. కుళాయి చుక్క పడింది. ఆ రేడియో మైకు తెరిచే ఉందేమో, వాటి మీద తాత ఇంటి చప్పుళ్లు కూడా ఎక్కాయి, కుర్చీ జరిపిన చప్పుడూ, ఎవరిదో తుమ్మూ. "ఇదేనా నువ్వు మాట్లాడింది?" అని ఒక ముసలావిడ. "ఉండవే, వస్తుంది" అని తాత. మళ్లీ చుక్క. గడియారం. బాబాయి స్టూలు మీద ముందుకు వంగాడు.

"అయిందా? ఊపిరి తీసుకోవచ్చా?"

ఆ వెంటనే రావలసిన తన మాట కోసం బాబాయి ఎప్పటిలాగే పళ్లు బిగబట్టుకున్నాడు. అది రాలేదు. టేపుకు బాగా దగ్గరగా, దాన్ని పూర్తిగా కప్పేస్తూ, తాత గొంతు వినబడింది.

"తీసుకో తల్లీ. దానికి అడగాలా?"

కత్తెర ఆపాడు. తాత ఇబ్బందిగా కదిలాడు.

"ఎవరో ఆడమనిషి అవస్థపడుతున్నట్టు అనిపించి అన్నానయ్యా. మీ కార్యక్రమంలో నేను నోరు పెట్టకూడదు. ఏమీ అనుకోకండి."

"అనుకోను" అన్నాడు బాబాయి. "మళ్లీ ఒకసారి వెయ్యి" అన్నాడు కత్తెరతో.

మళ్లీ వేశాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింది. చివరికి ఎడమ జేబులో కార్డు, కత్తెర దాన్ని ప్రసారానికి ఎక్కించుకున్నాక, తాతకూ, తాత క్యాసెట్టు బాబాయికీ చేరాయి. కత్తెర ఆ క్యాసెట్టుకు అక్కడికక్కడే నకళ్లు తీశాడు, అడగకుండానే.

తాత మాటలు ఆ సాయంత్రం ప్రసారమయ్యాయి. వినడానికి చుట్టాలు రెండోసారి వచ్చారు. ఊరి జనం కార్యక్రమం ఆపవద్దని పైకి రాశారు. చనిపోయిన వ్యక్తి చేత కార్యక్రమం చేయించే పద్ధతి లేదని పైనుంచి జవాబు వచ్చింది.