పదిహేడు రోజులు లేని మనిషి

మనిషి ఒకచోట ఉన్నాడనడానికి ఆ మనిషి సాక్ష్యం కాడు. ఇంత మహాసత్యం కనిపెట్టడానికి మునులైతే అడవులకు పోయి ఏళ్లకేళ్లు ముక్కు మూసుకుని కూర్చునేవారు. స్థిర నివాస శాఖ వారు మాత్రం భోజనం తర్వాత జరిగిన ఒక్క సమావేశంలో తేల్చిపారేసి, నియమావళిలో మూడో నియమంగా అచ్చు వేయించారు. (మొదటి రెండు నియమాలు దరఖాస్తును ఏ రంగు సిరాతో నింపాలో చెబుతాయి. రెండూ రెండు రంగులు చెబుతాయి.)

ఆ శాఖ కొలువున్న ఆరంతస్తుల భవనానికి ఒక లిఫ్టు మెకానిక్ ఉన్నాడు. పరాయి దేశం నుంచి వచ్చి పదకొండేళ్లయింది. వారానికి రెండుసార్లు వచ్చి, లిఫ్టుకు నూనె వేసి, తలుపులు సరిచూసి, పైన మోటారు గదిలో మేకుకు వేలాడే రిజిస్టరులో తేదీ, టైము రాసి సంతకం పెట్టి వెళ్తాడు. ఆయన పుణ్యమా అని రోజూ పైకి వెళ్లని అధికారి ఆ శాఖలో ఒక్కరూ లేరు.

పదేళ్లు విడవకుండా దేశంలో ఉన్నవాడికి స్థిర నివాసం ఇస్తారు. ఇవ్వకపోతే ఇరవై ఎనిమిది రోజుల్లో పెట్టే బేడా సర్దుకోవాలి. మెకానిక్‌కు భార్య ఉంది, ఒక్కగానొక్క కూతురుంది. కూతురికి స్కూలు చదువు ఇదే ఆఖరి ఏడు. పరీక్షలు రాయకుండా దేశం దాటితే పన్నెండేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. అందుకే ఆయన నాలుగు కిలోల కాగితాలతో దరఖాస్తు పెట్టాడు. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, పిల్లకు టీకాలు వేయించిన కార్డు, ఆఖరికి పన్ను పీకిన డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. పత్రాలన్నీ సంతృప్తికరంగా ఉన్నాయట. అయితే ఏడేళ్ల కిందట ఒకానొక నెలలో, ఐదో తేదీ నుంచి ఇరవై ఒకటో తేదీ వరకు పదిహేడు రోజులపాటు దరఖాస్తుదారు ఈ దేశంలో ఉన్నట్టు ఆధారాలు లేవట. (ఆ నెల అద్దె రసీదు ఉంది కదా అనకండి. అది ఇల్లు ఉన్నట్టు రుజువు. ఇంట్లో మనిషి ఉన్నట్టు కాదు.)

మెకానిక్ ఆ ఉత్తరం భార్యకు చదివి వినిపించాడు. భార్య వేళ్లు మడిచి లెక్క చూసి ఒక్కసారిగా లేచింది.

"అయ్యో, అదే నెలండీ! మీరు ఆ ఆఫీసు లిఫ్టుకే ఇనప తాళ్లన్నీ మార్చింది. పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవారు, ఒళ్లంతా గ్రీజుతో."

"అవునే! పదిహేడు రోజులూ ఆ లిఫ్టు గోతిలోనే ఉన్నాను. ఫోను కూడా పనిచేసేది కాదు."

"ఒక్కరోజన్నా బయట తినలేకపోయారా? ఆ రసీదన్నా ఉండేది."

"నువ్వే కదే రోజూ క్యారేజీ కట్టిచ్చింది!"

"అవును మరి, నాదే తప్పు. వేళకి వండి పెట్టాను." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మెకానిక్ రిజిస్టరు చంకలో పెట్టుకుని నాలుగో అంతస్తులో ఆధారాల అధికారి దగ్గరికి వెళ్లాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ అధికారి మహా మర్యాదస్తుడు.

"రండి రండి! మొన్న లిఫ్టు తలుపు చప్పుడు భలే తగ్గించారండీ. కూర్చోండి."

"అయ్యా, ఆ పదిహేడు రోజులూ నేను ఈ బిల్డింగులోనే ఉన్నానండి. తాళ్లు మార్చాను."

"నాకు తెలీదా? అన్ని రోజులూ మెట్లెక్కి నా మోకాళ్లు అరిగిపోయాయి."

"మరి ఆ ముక్కే మీరు రాసేస్తే..."

"చూడండీ, మనిషిగా నాకు తెలుసు. అధికారిగా తెలీదు. అధికారి తనకు తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఏడో నియమం."

"పాస్‌పోర్టులో బయటికి వెళ్లినట్టు ముద్ర కూడా లేదండీ."

"ముద్ర వేసేవాడు ఆ పూట కునుకు తీసి ఉండొచ్చు కదండీ. ఆ రిజిస్టరేదో ఇటివ్వండి. ఊఁ, ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"మీరున్నారని మీరే సంతకం పెట్టుకుంటే ఎలాగండీ? నేను అందగాణ్ణని నేనే రాసుకుంటే ఒప్పుకుంటారా?"

మెకానిక్ ఒక్కసారి ఆయన మొహం వంక చూసి, దరఖాస్తు గుర్తొచ్చి, మాట మార్చాడు. "పక్కన వాచ్‌మన్ సంతకం కూడా ఉందండీ," అన్నాడు.

అధికారి నిట్టూర్చాడు. "అతని దరఖాస్తూ మా దగ్గరే ఉంది. తొమ్మిదేళ్లుగా పరిశీలిస్తున్నాం. అతను ఇక్కడున్నాడో లేడో ఇంకా తేలలేదు. తానున్నదే తేలనివాడు మీరున్నారని ఎలా చెబుతాడు?" (ఈ మాటంటుండగానే ఆ వాచ్‌మన్ టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అధికారి తాగాడు.)

వారం తిరక్కుండా దరఖాస్తు తిరస్కరించారు. పని చేసుకునే అనుమతి ఆ సాయంత్రంతో ఆఖరు. దేశం వదలడానికి ఇరవై ఎనిమిది రోజులు. కూతురి పరీక్షలు ఇరవై రోజుల్లో మొదలై ఇరవై ఏడో రోజున అయిపోతాయి. ఒక్క రోజు మిగులుతుంది కదా అని తల్లి, ఆ ఒక్క రోజులో సామాను ఎలా సర్దాలా అని తండ్రి ఆలోచిస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ ఫోను చేశాడు. "అన్నా, లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఇరుక్కుంది. లోపల మన నాలుగో అంతస్తు సారే. ఊపిరాడట్లేదని కేకలు పెడుతున్నాడు. కంపెనీవాళ్లు ఇంకో మెకానిక్‌ని పంపడానికి మూడు గంటలంటున్నారు."

"వెళ్లకండి," అంది భార్య. "మీ పర్మిషన్ నిన్నటితో అయిపోయింది. వాడి నియమాలేవో వాణ్ణే చదువుకోమనండి లోపల కూర్చుని."

"తప్పే, అలా అనకు. బీపీ మనిషి." ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఇరవై నిమిషాల్లో లిఫ్టు కదిలింది. అధికారి చెమటలు కక్కుతూ బయటపడి, మెకానిక్‌ను గ్రీజుతో సహా కావలించుకున్నాడు. "మీ రుణం ఉంచుకోనండీ," అంటూ అక్కడికక్కడే శాఖ కాగితం తెప్పించి, ఫలానా తేదీన ఉదయం పది గంటల పది నిమిషాలకు ఈయన స్వయంగా వచ్చి, లిఫ్టు బాగుచేసి, తన ప్రాణం కాపాడాడని రాసి సంతకం పెట్టాడు.

మెకానిక్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇది మనిషిగా రాశారా అండీ, అధికారిగానా?"

"అధికారిగానేనండీ బాబూ! ముద్ర చూడండి!"

ముద్ర గుండ్రంగా, నీలంగా, ఒక్క అక్షరం కూడా చెదరకుండా పడింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో అంత అందమైన కాగితం ఎవరూ చూడలేదు. భార్య దాన్ని కళ్లకద్దుకుని, "ఇంక భయం లేదు," అంది. కూతురు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని పుస్తకం తెరిచింది. మెకానిక్ తిరస్కరణ మీద అప్పీలు రాసి, నాలుగు కిలోల కాగితాల మీదా ఆ ఉత్తరాన్నే అన్నిటికన్నా పైన పెట్టి ఇచ్చొచ్చాడు.

శాఖ చరిత్రలో ఎన్నడూ లేనట్టు నాలుగో రోజుకే జవాబు వచ్చింది. పదిహేడు రోజుల విషయంలో మార్పేమీ లేదట. అయితే, పై తేదీన ఉదయం పది గంటల పది నిమిషాలకు దరఖాస్తుదారు ఈ దేశంలోనే ఉన్నాడనీ, అనుమతి గడువు తీరిన తర్వాత పని చేశాడనీ బాధ్యతగల అధికారి ముద్రతో సహా ధ్రువీకరించినందున, దేశం వదలడానికి ఇచ్చిన ఇరవై ఎనిమిది రోజులను ఏడు రోజులకు తగ్గించడమైనదట.

పదకొండేళ్లలో ఆయన ఈ దేశంలో ఉన్నాడని శాఖవారు ముద్ర వేసి మరీ ఒప్పుకున్నది ఆ ఒక్క పూటే.