'వద్దు' అనే మాటకు అధికారిక అర్థం

నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్నతో మానవజాతి చాలాకాలం కుస్తీ పట్టింది. చివరికి జవాబు కనిపెట్టింది మాత్రం అతిథి మర్యాదల శాఖ. ఒక మనిషి 'వద్దు' అంటే ఆ మనిషికి వద్దని అర్థం. అంతే. ఇంత చిన్న సంగతి ఇన్ని తరాలుగా ఎవరికీ తట్టకపోవడం వల్లే ఇళ్ళలో తిండి మిగిలిపోతోందని, దీనంతటికీ మూలం మొహమాటం అనే ఆధారం లేని నమ్మకమేనని శాఖ తన తొలి ప్రకటనలో తేల్చి చెప్పింది. (ఆ ప్రకటన చేసిన సభలో అందరికీ ఫలహారాలు ఏర్పాటు చేశారు. ముందుగా ఎవరూ చెయ్యి పెట్టలేదు. సాయంత్రం అంతా పారబోశారు.)

ఆ తర్వాత 'పళ్ళెం' అనే యాప్ వచ్చింది. ఎవరినైనా ఇంటికి పిలవాలంటే అందులోనే పిలవాలి. పిలుపు అందినవాళ్ళు తమకేం కావాలో, ఎంత కావాలో నింపి పంపాలి. యాప్ అన్నీ కూడి, ఆ ఇంట్లో ఎంత వండవచ్చో అనుమతి ఇస్తుంది. అంతకు మించి పెట్టినట్టు తేలితే ఏడాదిపాటు ఎవరినీ ఇంటికి పిలిచే హక్కు ఉండదు. పద్ధతి బాగుందని ఊరంతా అంది. (బాగాలేదని చెప్పడానికి మొహమాటపడ్డారు.)

కాలరక్కకు ఈ యాప్‌తో అప్పటిదాకా పని పడలేదు. ఆమె చొక్కాలు కుట్టే కంపెనీలో కాలర్లు కుట్టేది కాబట్టి కాలరక్క. పక్క మిషన్ మీద గుండీలు కుట్టేది గుండీ, ఆ పక్కన జేబులు కుట్టేది జేబు, చివర్న ఇస్త్రీ చేసేది ఇస్త్రీ. వాళ్ళ అసలు పేర్లు జీతం ఇచ్చేచోట తప్ప ఇంకెక్కడా వినబడేవి కావు. మధ్యాహ్నం నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరు తినేవాళ్ళు. అక్కడ వద్దు అనే మాటకే తావు లేదు, ఎందుకంటే ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు.

తర్వాత కాలరక్క బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ముగ్గురూ ఫోన్ చేసి రమ్మంటావా అని అడిగారు. ఆమె మర్యాదగల మనిషి. మీకెందుకే అంత శ్రమ, నాకేం, రాణీగారిలా మంచం మీద ఉన్నాను, ఏమీ వద్దు, ఎవరూ రావద్దు అని చెప్పింది. ఎవరూ రాలేదు. చెల్లెలు వచ్చి వండిపెట్టి వెళ్ళేది. కాలు అతుక్కునేసరికి కంపెనీలో ఆమె మిషన్ మీద ఇంకో మనిషి కూర్చుని ఉంది. ఇక ఇంట్లోనే మిషన్ పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. స్నేహితురాళ్ళతో తగువేం లేదు. ఫోన్లు మాత్రం పండక్కీ పబ్బానికీ అన్నట్టు తయారయ్యాయి. కాలు విరిగినప్పటి నొప్పి ఆమెకు ఇప్పుడు గుర్తులేదు. ఎవరూ రాని ఆ మధ్యాహ్నాలు మాత్రం బాగా గుర్తున్నాయి.

అందుకే ఓ ఆదివారం వాళ్ళను పిలవాలనుకుంది. ఆర్భాటం చేసే స్తోమత లేదు, చేస్తే వాళ్ళూ ఇబ్బంది పడతారు. చిన్న బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించి, గ్లాసు అడుగుతో ఒక్కొక్కదాన్నీ అదిమి, పెనం మీద కరకరలాడేలా కాల్చి మిరియాల పొడి చల్లుదామనుకుంది. నిన్నటి రొట్టె ముక్కలకు వెల్లుల్లి రుద్ది కాలిస్తే తాజా రొట్టె కన్నా బాగుంటుంది. వేయించిన వేరుశనగలు, తరిగిన ఉల్లిపాయ, పైన నిమ్మరసం. తాగడానికి అల్లం చితక్కొట్టి, పుదీనా నలిపి వేసిన చల్లటి నిమ్మనీళ్ళు. గంటలో అయిపోతుంది, చేతి చమురు వదలదు.

యాప్‌లో పిలిచింది. జవాబులు వెంటనే వచ్చాయి. జేబు 'తినేసే వస్తాం' అని నింపింది. గుండీ 'మంచినీళ్ళు చాలు' అంది. ఇస్త్రీ 'నీకెందుకక్కా శ్రమ' అని రాసింది. యాప్ వీటన్నిటినీ శ్రద్ధగా కూడి అనుమతి పంపింది. ఆహారం: లేదు. పానీయం: మంచినీళ్ళు, ఒకరికి. శ్రమ: అవసరం లేదు.

మర్నాడు కాలరక్క కుంటుకుంటూ శాఖ కార్యాలయానికి వెళ్ళింది. రెండో అంతస్తులో, వరండా చివర, నిరాకరణల విభాగం. వద్దు అనదలచినవారు కుడివైపు వరుసలో నిలబడాలని బోర్డు ఉంది. కావాలి అనేవాళ్ళ వరుస ఎక్కడని అడిగితే, అలాంటివాళ్ళు ఇంతవరకు ఎవరూ రాలేదని చెప్పారు.

విభాగం అధికారి సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ నలగని చొక్కాలో ఉన్నాడు. (కాలర్ కొంచెం వంకరగా కుట్టి ఉండటం ఆమె చూసింది గాని, అది ఈ విభాగం పరిధిలోకి రాదు.) ఆయన ఆమె ఫోన్‌లోని అనుమతిని పైనుంచి కిందికి చదివాడు.

"ముగ్గురూ వద్దన్నారు కదమ్మా. ఇక సమస్య ఏమిటి?"

"వద్దన్నారంటే వద్దని కాదండీ."

"మరి?"

"పెట్టమని."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అలా మాటకు వ్యతిరేకార్థం తీసుకుంటూ పోతే పరిపాలన సాగదని మెత్తగా నచ్చజెప్పాడు. ఎవరైనా మనసులో కావాలనుకుంటూ పైకి వద్దన్న సందర్భం, ఆధారంతో సహా, ఒక్కటైనా చూపించగలరా అని అడిగాడు. కాలరక్క తన కాలు సంగతి, ఫోన్ల సంగతి చెప్పింది. రావద్దన్నాను గాని రావాలనే ఉండిందండీ అంది.

"వచ్చారా?"

"రాలేదండీ."

"చూశారా. మీ ఉదాహరణ శాఖ అభిప్రాయాన్నే బలపరుస్తోంది," అని ఆయన దాన్ని సంతోషంగా రాసుకున్నాడు. కాలరక్క ఇన్నాళ్ళూ తనకు జరిగింది అన్యాయమని అనుకుంటోంది, తీరా చూస్తే అది నియమపాలన.

అప్పుడే అటెండర్ టీ పట్టుకొచ్చాడు. అధికారి ఇప్పుడే తాగానని, వద్దని చెప్పాడు. అటెండర్ ఆ మాట విననట్టే కప్పు బల్ల మీద పెట్టేసి, వేడిగా ఉంది సార్ అని వెళ్ళిపోయాడు. అధికారి మాట్లాడుతూ మాట్లాడుతూ టీ అంతా తాగాడు. అడుగున మిగిలినది కప్పు వంచి మరీ తాగాడు.

"ఇందాక మీరు వద్దన్నారు కదండీ," అంది కాలరక్క.

"అన్నాను."

"తాగారు."

"అది వేరమ్మా. అతను పెట్టేశాడు."

"నేనూ అదే అడుగుతున్నానండీ. నన్నూ పెట్టేయనివ్వండి."

అధికారి ఖాళీ కప్పును కాగితాల వెనక్కి జరిపాడు. చాలాసేపు నిబంధనల పుస్తకం తిరగేశాడు. అందులో ఇంతవరకు ఎవరూ వాడని ఒక వీలు ఉంది. దాని పేరు క్షేత్రస్థాయి మొహమాట పరిశీలన. ఇంటావిడ షరతులకు లోబడి వండుకోవచ్చు. వద్దన్న అతిథిని మూడుసార్లు అడగవచ్చు. మొదటిది పలకరింపు, రెండోది బతిమాలడం, మూడోది ఒట్టు. మూడోసారికైనా తింటే మొహమాటం రుజువైనట్టు. ఒక్కరు తినకపోయినా వండినదంతా స్వాధీనం చేసుకుంటారు, ఆమె ఏడాది దాకా ఎవరినీ పిలవకూడదు. పరిశీలకుడిగా అధికారే స్వయంగా వస్తాడు.

"మీకు కూడా పెట్టొచ్చాండీ?" అని అడిగింది కాలరక్క.

"పరిశీలకుడిని ఒక్కసారి అడగవచ్చు. రెండోసారి అడిగితే లంచం కిందికి వస్తుంది. ఆ నిబంధన నేనే రాశాను," అన్నాడాయన, కొంచెం గర్వంగానే.

ఆదివారం సాయంత్రం అధికారి అందరికన్నా ముందే వచ్చి కుట్టుమిషన్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. బంగాళాదుంపలు పెనం మీద చిటపటలాడుతున్నాయి. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, 'వాసన: ఉంది' అని రాసుకున్నాడు. తర్వాత ఇంకోసారి చూసి, 'బాగా' అని చేర్చాడు.

ముగ్గురూ కలిసే వచ్చారు. చెప్పులు విడిచి, మంచం అంచున వరసగా, పంటి డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. కంపెనీలో కొత్త సూపర్‌వైజరు గురించి కాసేపు, ఎండల గురించి కాసేపు మాట్లాడారు. కాలు ఎలా ఉందని జేబు అడిగింది. బాగుందని కాలరక్క చెప్పింది. ఆ మాట తర్వాత గదిలో అందరికీ గోడలు చూడాల్సిన పని పడింది.

ఇక ఆలస్యం చేస్తే దుంపలు చల్లారిపోతాయని కాలరక్క పళ్ళాలు తెచ్చింది. జేబు అయ్యో వద్దక్కా తినే వచ్చాం అంటూనే, అంటున్న చేత్తోనే ఒక ముక్క తీసుకుంది. పలకరింపు దశలోనే పడిపోయిన అతిథిగా ఆమె పేరు నమోదైంది. ఇస్త్రీ రెండోసారి దాకా నిలబడింది, వేరుశనగల మీద నిమ్మకాయ పిండేసరికి లొంగిపోయింది. మిగిలింది గుండీ.

గుండీ మొదటిసారి వద్దంది. రెండోసారీ వద్దంది. ఆ వద్దు మిగతా ఇద్దరి వద్దులా లేదు. తల దించుకుని, చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చుంది. జేబు నమలడం ఆపేసింది. అధికారి పెన్ను మూత తీశాడు. కాలరక్క పళ్ళెం పట్టుకుని ఆమె ముందు నిలబడింది, అతికిన కాలు లాగుతోంది. మిగిలింది ఒక్క అవకాశం. నిబంధన ప్రకారం ఇప్పుడు నా మీద ఒట్టు అనాలి. ఆమె నోటివెంట అది రాలేదు.

"నువ్వు ఇంకోసారి అడుగుతావేమోనని ఆ రోజంతా ఫోన్ పక్కనే పెట్టుకు పడుకున్నానే," అంది.

గుండీ తలెత్తింది. "వద్దన్నావు కదక్కా."

"అన్నాను."

"రెండు బస్సులు మారి రావాలి. నువ్వు వద్దనగానే నాకు హాయిగా అనిపించింది. నమ్మితే సుఖమని నమ్మేశాను. ఇప్పుడేమో నీ చేతి ముక్క తినడానికి నాకు ముఖం చెల్లడం లేదు."

కాలరక్కకు కోపం రావాల్సింది. రాలేదు. నెలల తరబడి మోసిన బరువు ఎవరో ఆ చివర పట్టుకున్నట్టు తేలికైంది. పళ్ళెం గుండీ ఒళ్ళో పెట్టేసింది. "తిను. చల్లారితే మెత్తబడతాయి."

గుండీ కళ్ళు తుడుచుకుని తింది. ఇందాక అన్నది ఒట్టు కిందికి వస్తుందా అని అధికారి అడిగాడు. తర్వాత తనే 'ఒట్టు (రూపం మారినది)' అని రాసుకున్నాడు.

ఆ తర్వాత పరిశీలించదగ్గ క్రమశిక్షణ ఏమీ మిగల్లేదు. జేబు గుండీ పళ్ళెంలోంచి, ఇస్త్రీ జేబు పళ్ళెంలోంచి తీసుకు తినసాగారు. రొట్టె అయిపోతే ఇస్త్రీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి మిగిలిన ముక్కలు తనే కాల్చి తెచ్చింది. నిమ్మనీళ్ళలో అల్లం ఘాటుగా ఉందని గుండీ వంక పెట్టింది, మూడో గ్లాసు తాగుతూ. కొత్త సూపర్‌వైజరు నడకను జేబు చేసి చూపిస్తే నలుగురూ మంచం మీద వెనక్కి పడి నవ్వారు. మళ్ళీ వచ్చే ఆదివారం రమ్మంటావా అని గుండీ అడిగింది. కాలరక్క నోరు అలవాటు ప్రకారం 'మీకెందుకు శ్ర' దాకా వెళ్ళింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"రండి," అంది.

అప్పుడు ఆమెకు స్టూలు మీద మనిషి గుర్తొచ్చాడు. కరకరలాడే ముక్కలు ఏరి, పళ్ళెంలో పెట్టి, పక్కన నిమ్మనీళ్ళ గ్లాసుతో తీసుకెళ్ళింది. మీరూ కాస్త తీసుకోండి అంది.

"అబ్బే, వద్దండీ," అన్నాడు అధికారి. ఇందాకటినుంచీ అటే చూస్తున్న చూపును ఆమె మాట వినగానే గోడ మీదికి మార్చుకున్నాడు.

కాలరక్క పళ్ళెం పట్టుకుని నిలబడింది. అటెండర్‌లా అక్కడ పెట్టేసి వెళ్ళిపోవాలని ఆమెకు ఎంతో ఉంది. కాని రెండోసారి అడిగితే లంచం, అడక్కుండా పెట్టేస్తే ఇంకేమవుతుందో. ఒకవేళ అనుమతి రద్దయితే వచ్చే ఆదివారం ఉండదు. ఆయన బ్యాగులో పెన్ను కోసం వెతుకుతున్నాడు, పెన్ను ఆయన చొక్కా జేబులోనే ఉంది. వెతుకుతూ ఆమెకు కావలసినంత సమయం ఇచ్చాడు. ఆమె నిబంధన పాటించింది. పళ్ళెం వెనక్కి వెళ్ళింది. అందులో పెద్ద ముక్క జేబు తీసుకుంది.

మర్నాడు ఆమె ఫోన్‌కి నివేదిక వచ్చింది, అధికారి సంతకంతో. ముగ్గురు అతిథులు వద్దని చెప్పి తిన్నందున వారికి మొహమాటం ఉన్నట్టు నిర్ధారించడమైనదని, వచ్చే ఆదివారానికి అనుమతి ఇవ్వడమైనదని అందులో ఉంది. కింద ఇంకో పేరా ఉంది.

'పరిశీలకుడు వద్దని చెప్పి తినలేదు. కావున ఆయనకు ఆకలి లేదని నిర్ధారించడమైనది. ఈ నిర్ణయంపై అప్పీలు కావాలా అని ఆయనను నిబంధన ప్రకారం ఒకసారి అడగడమైనది. వద్దన్నారు.'