రిలీవర్ రాని కన్నమ్మ

శనివారం సాయంత్రం నాలుగూ పదికి ఖుర్సీపార్ తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్ గ్రూపులో శుభవార్త వెలువడింది. ఇరవై ఒక్క రోజుల గొలుసు ప్రార్థన ఇరవయ్యో రోజు వరకు ఒక్క నిమిషమైనా తెగనందుకు పై కమిటీవారు మన సంఘానికి ‘ఆదర్శ శిష్యులు’ షీల్డు ప్రకటించారు. వేదికపై దాన్ని అందుకునే భాగ్యం కొత్త దంపతులు రాజాబాబు, అరుణజ్యోతిలకు దక్కింది. గ్రూపులో అందరికన్నా ఎక్కువ ‘ఆమెన్’లు పెట్టింది వాళ్లేనని కార్యదర్శి వాసుదేవరావుగారు ధ్రువీకరించారు.

వార్త అందేసరికి అరుణజ్యోతి సెక్టర్ 7 మార్కెట్లో గుప్‌చుప్ బండి, అంటే పానీపూరీ బండి, దగ్గర ఉంది. పెళ్లయి నలభై రోజులు. చింతపండు నీళ్లు ముక్కులోకెక్కినా నవ్వే, రాజాబాబు తన వంతుది ఆమె నోట్లో పెట్టినా నవ్వే. నాలుగు నుంచి ఐదు దాకా ప్రార్థన గదిలో తమ వంతేనని ఇద్దరికీ బాగా గుర్తుంది. అందుకే భక్తిగా ఎనిమిదో గుప్‌చుప్‌తో ఆపేశారు.

“షీల్డు ఫోటోకి లావెండర్ చీర కట్టనా?”

“కట్టు. ముందు ప్రార్థన గదిలో ఒక ఫోటో దిగుదాం. స్టేటస్‌కి బాగుంటాది.”

గొలుసు ప్రార్థన నియమం ఉక్కు ప్లాంటు నుంచి వచ్చింది. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొకరు. తర్వాతి మనిషి, అంటే రిలీవర్, వచ్చేదాకా ముందు మనిషి కదలరాదు. ఫోర్‌మన్‌గా రిటైరైన వాసుదేవరావుగారు మైకులో ఈ నియమం చదివినప్పుడు చప్పట్లకు ఫ్యాన్లు ఊగాయి. నూట పన్నెండు మంది పేర్లిచ్చారు.

కొత్త జంట వెళ్లేసరికి గదిలో, ప్లాంటులో ముప్పై ఏళ్లు ఊడ్చిన కన్నమ్మ మోకాళ్ల మీద ఉంది.

“మామ్మా, నీ వంతు ఎప్పుడు?”

“మొదటి రోజు పొద్దున్న ఆరుకమ్మా.”

“అరే! మరి ఇంకా ఇక్కడే ఉన్నావేటి?”

“రిలీవర్ రానేదు. సాయంత్రం తాళమేస్తే ఎల్తన్నాను, తెల్లారి మల్లీ వస్తన్నాను.”

అరుణజ్యోతి హాజరు రిజిస్టరు తిప్పింది. పేజీకి పన్నెండు వేలిముద్రలు. అన్నీ ఒకే బొటనవేలివి.

“ఒక్కరూ రాలేదా?”

“ఎందుకు రానేదు? శానామంది వచ్చారు. ఫోటో తీసుకుని ఎలిపోయారు.”

“నువ్వూ వెళ్లిపోవాల్సింది!”

“మీ ఆయన ప్లాంటులో రిలీవర్ రాకుండా మిషను ఒగ్గీసి వచ్చేస్తాడేటమ్మా? మిషనునే ఒగ్గలేం, దేవుణ్ణి ఒగ్గెత్తామేటి?”

అరుణజ్యోతి కళ్లు నిజంగానే చెమర్చాయి. అసలు శిష్యురాలు ఈవిడేనని ఫోటోతో సహా గ్రూపులో పెట్టింది. నిమిషంలో యాభై మూడు ఆమెన్‌లు. వెంటనే వాసుదేవరావుగారి గొంతు ఫోనులో మోగింది:

“కన్నమ్మగారి త్యాగం చిరస్మరణీయం. రేపు ఉదయం పది గంటలకు ఆమెకు ఘన సన్మానం. సభ జరిగేటప్పుడు గొలుసు తెగరాదు గనుక కన్నమ్మగారు ప్రార్థన గదిలోనే ఉంటారు. వారి తరఫున శాలువా అరుణజ్యోతి కప్పించుకుంటుంది.”

ఎంత మంచి మనసో అనుకుంది అరుణజ్యోతి. “శాలువా ఏ రంగు అంకుల్?” అని అడిగి, లావెండర్‌కి నప్పుతుందని తెలిశాక రాజాబాబు బండెక్కింది. ఐదుకింకా పావుగంట ఉంది. కన్నమ్మ నొప్పెడుతున్న మోకాలి మీంచి రెండో మోకాలి మీదికి బరువు మార్చుకుంది.

రేపు పదింటికి సభ. చదువుతున్న మీరూ తప్పక రండి. ప్రార్థన గదివైపు రానక్కర్లేదు. అక్కడ మనిషి ఉంది.