అష్టోత్తర శత పరికర పేటికా మాహాత్మ్యం

వంగని స్క్రూడ్రైవరుకు సంస్కారం లేదు!

ఇది తొందరపడి అన్న మాట కాదు. మొండిగా, నిటారుగా నిలబడి, ఎదుటి స్క్రూను బలవంతాన తిప్పి, తన పంతమే నెగ్గించుకునే ఉక్కుముక్కను 'నాణ్యమైనది' అని పొగిడే పాతకాలపు జనాన్ని చూస్తే జాలి కలుగుతుంది. చవక స్క్రూడ్రైవరు అలా కాదు. స్క్రూ కాస్త బిగుసుకుందా, 'సరే, తమరి చిత్తం' అని తానే వంగిపోతుంది. ఇంతటి వినయాన్ని గుర్తించి గౌరవించవలసిన చోటు కోనసీమ కాక మరేది?

చవక పనిముట్లు నాసిరకమని లోకంలో ఒక అపవాదు ఉంది. దాన్ని తుడిచిపెట్టడానికి కొత్తపేట దగ్గర కొబ్బరితోట గల వీరవెంకటరమణ గారి చరిత్ర ఒక్కటి చాలును. శ్రద్ధగా చదవండి. చదివి, మీరూ ఒక పెట్టె కొనుక్కోండి!

రమణ గారు నాణ్యత ఎరిగిన మనిషి. కొబ్బరికాయను గోటితో కొట్టి దాని వయసు చెబుతారు. పనసకాయను అరచేత్తో తట్టి లోపలి తొనల స్వభావం చెబుతారు. చేప మొప్ప ఎత్తి అది ఏ పూట వలలో పడిందో చెబుతారు. అందులోనూ పులస దగ్గర ధర అడగడం ఆయన దృష్టిలో అపచారం. పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు పెద్దలు. రమణ గారు పెద్దల మాటను ఒక్క సవరణతో పాటిస్తారు: భార్య బుల్లెమ్మ గారి పుస్తెల జోలికి పోకుండా, తోట మీది కాపును ముందుగానే అమ్మేస్తారు.

అటువంటి మనిషికి ఒకనాడు ఇంట్లో చిన్న స్క్రూ పని తగిలింది. స్క్రూడ్రైవరు కోసం కొత్తపేటలో జోజి నడిపే హార్డ్‌వేర్ కొట్టుకు బయలుదేరారు.

జోజి ఒక స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఒంటరిది. నల్లపిడిది. చూపుకు ఏ ప్రత్యేకతా లేనిది. ధర విని రమణ గారు నివ్వెరపోయారు.

"ఒక్కదానికా?"

"ఒక్కటే చాలండి బాబాయ్‌గారూ. మీ మనవలు కూడా వాడుకుంటారు."

"మనవల సంగతి మనవలు చూసుకుంటారు గానీ, ఆ పై అరలో ఎర్రపెట్టె ఏంటయ్యా?"

"అదాండీ? నూట ఎనిమిది ఐటమ్సండి. దీని ధరే దానిదీనండి." ఆ మాట అన్నాక జోజికి మనసులో ఏదో గుచ్చుకున్నట్టయింది. "కాకపోతే బాబాయ్‌గారూ, అది... ఇంట్లో ఉంటే అందంగా ఉంటదండి" అన్నాడు.

ఒక వ్యాపారి నోటి వెంట ఇంతకు మించిన సత్యం వస్తుందా? కానీ రమణ గారి చెవికి 'నూట ఎనిమిది' తప్ప వేరే మాట సోకలేదు. అష్టోత్తరం! దేవుడికి ఎన్ని నామాలో, పెట్టెకు అన్ని పనిముట్లు!

విలువ కట్టడమనే శాస్త్రం మన కాలంలో ఎంతో సులభమైపోయింది. ధరను వస్తువుల సంఖ్యతో భాగిస్తే సరి. ఆ లెక్కన ఒక్కొక్క పనిముట్టు ఒక బజ్జీ ధరకు దిగింది. నూట ఎనిమిదిలో సగానికి పైగా చిటికెనవేలి గోరంత ముక్కలేననీ, అవి దేన్ని బిగించడానికో తయారుచేసినవాడికైనా తెలుసో లేదోననీ మీరు సందేహిస్తారు. అష్టోత్తరంలో అన్ని నామాలకూ మనకు అర్థాలు తెలుసునా? అంతమాత్రాన పూజ ఆపేశామా?

అయినా రమణ గారు గుడ్డిగా కొనే రకం కాదు. పరీక్ష మొదలుపెట్టారు. పెట్టెను ఎత్తి చూశారు, బరువుగా ఉంది. ఆ బరువంతా పెట్టెదేనన్న విషయం పరీక్షాంశాల్లో లేదు. పటకారును గోటితో మీటారు, ఖంగుమంది. చిట్టచివరికి సుత్తిని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

లొటలొటలాడింది!

రమణ గారి కళ్లు మెరిశాయి. కొబ్బరికాయను ఊపినప్పుడు లోపలి గుండు కదిలి లొటలొటలాడితే, ఆ కాయ కురిడీ అయినట్టు. మామూలు కాయకన్నా రెట్టింపు పలుకుతుంది. ఇదే చప్పుడు కొబ్బరి ఎరగని ప్రాంతంవాడు విని ఉంటే, సుత్తి తల వదులుగా ఉందని నీచంగా ఆలోచించేవాడు. అనుభవం అన్నది ఊరికే వస్తుందా?

"జోజీ, మిగతావి కూడా ఇలాగే ఆడతాయా?"

"అన్నీ ఆడతాయండి" అన్నాడు జోజి, నిజాయితీగా.

పెట్టె ఇంటికి వచ్చింది. సావడిలో, వచ్చినవారి చూపు ముందుగా పడేచోట, బల్లమీద కొలువు తీరింది. ఇంట్లో మిగిలిపోయిన ఆ చిన్న స్క్రూ పని సంగతి బుల్లెమ్మ గారు ఒకటి రెండు సార్లు గుర్తుచేయకపోలేదు. కానీ అంతటి పెట్టెకు ఆరంభోత్సవం ఒక చిల్లర స్క్రూతోనా? ఏనుగును కొన్నది పెరట్లో బీరపాదుకు నీళ్లు మోయించడానికా? తగిన సందర్భం కోసం రమణ గారు వేచి ఉన్నారు.

గోదావరికి ఎర్రనీరు తగిలింది. ముసురు పట్టింది. పులస దొరికింది. వెంటనే కాట్రేనికోనలోని వియ్యంకుడు శివనాగరాజు గారికి భోజనానికి పిలుపు వెళ్లింది. ఆయన రొయ్యల చెరువుల కామందు. రమణ గారి కుమార్తె హారికకు మామగారు.

వియ్యంకుణ్ణి భోజనానికి పిలవడమంటే ఆషామాషీ వ్యవహారమా? వారి బంధువర్గంలో ఒక పెద్దాయనను ఏదో పెళ్లిలో రెండోమారు పెరుగు వేసుకుంటారా అని అడగలేదు. పెద్దాయన కాలం చేశారు. పెరుగు మాట ఇంకా బతికే ఉంది. ఈ పూట మర్యాదలో నలుసంత తేడా జరిగితే, రేపు కాట్రేనికోనలో తల దించుకోవలసినది హారిక. ఆ సంగతి తలుచుకుని రమణ గారు తెల్లవారినప్పటినుంచి వాకిట్లో నిలబడే ఉన్నారు.

శివనాగరాజు గారు వచ్చారు. కుశలప్రశ్నలయ్యాయి. "కాళ్లు కడుక్కొస్తానండీ" అని పెరటివైపు బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

తిరిగి రాలేదు.

కాసేపటికి లోపలినుంచి ఒక దగ్గు వినిపించింది. పాపం ముసురుకు జలుబు చేసిందేమోనని బుల్లెమ్మ గారు మిరియాల కషాయానికి నీళ్లు పడేశారు. మరికాసేపటికి ఇంకో దగ్గు. ఆపైన ఎంతో మెత్తగా ఒక పిలుపు.

"బావగారూ! తమరు ఖాళీగా ఉన్నారాండీ?"

"ఆయ్! చెప్పండి బావగారూ!"

"తొందరేం లేదండీ. ఈ తలుపు కొంచెం మొహమాటపడుతున్నట్టుందండీ."

రమణ గారి గుండె ముందు గుభేలుమంది, ఆ వెంటనే పొంగింది. పెట్టె! ఇన్నాళ్లకు పెట్టె స్థాయికి తగిన పని! సావడిలోంచి రెండు చేతులా ఎత్తుకొచ్చారు.

"ముసురుకి ఉబ్బుంటుందండీ. రోజూ మనం తోసినట్టే ఒక్క తోపు తొయ్యండి" అన్నారు బుల్లెమ్మ గారు, చేతిలో గరిటెతో.

"మనం వేరు, వియ్యాలవారు వేరు! అవతల ఆయన నిలబడుంటారు. తలుపెళ్లి నుదుటికి తగిలితే? పైగా గడియ వేసుకుని ఉంటారు. తోస్తే గడియ విరిగి ఆయన మీద పడదూ?"

"గడియేంటండీ, అసలా తలుపుకి..."

"నువ్వు గడియ మాట ఎత్తకు బుల్లెమ్మా! బాత్రూములో ఉన్న పెద్దమనిషిని గడియ వేసేరా లేదా అని అడుగుతామా? వేసుకోని మనిషని అనుమానించినట్టు కాదూ?"

ధర్మసూక్ష్మం కాదనలేనిది. అటు పొయ్యి మీద పులుసు కూడా కుతకుతమంది. బుల్లెమ్మ గారు వంటింట్లోకి పరుగెత్తారు.

రమణ గారు మొదట స్క్రూడ్రైవరును తలుపుకూ ద్వారబంధానికీ మధ్య దూర్చి నొక్కారు. అది ములక్కాడలా వంగి నమస్కరించింది. పటకారు అందుకున్నారు. దాని రెండు దవడలూ ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు. మధ్యలో ఒక మేకుతో కలిసే ఉన్నాయి గానీ ముఖాలు మాత్రం ఎదురుపడవు. కొలత టేపు ఉత్సాహంగా బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోలేదు. చిన్న రంపం తలుపును నాలుగుమార్లు ఆప్యాయంగా నిమిరి, తన పళ్లు తానే రాల్చుకుంది.

"చప్పుడు బాగుందండీ బావగారూ. మంచి సెట్టులాగుంది!" అన్నారు లోపలినుంచి శివనాగరాజు గారు.

"నూట ఎనిమిదండీ!" అన్నారు రమణ గారు, చెమట తుడుచుకుంటూ.

"ఆయ్! అష్టోత్తరం! మా ఇంట్లో కూడా ఉందండీ, ఎర్రపెట్టే. నూట ముప్పైరెండండీ."

రమణ గారు రంపాన్ని పక్కన పెట్టారు. "అలాగాండీ? ఎలా పనిచేస్తుందండీ తమరిది?"

"భేషుగ్గా అండీ. మీ చెల్లెలుగారు అందులో అప్పడాలు పోస్తారు. ఒక్కటీ మెత్తబడలేదంటే నమ్మండి!"

ఈలోగా బుల్లెమ్మ గారు స్టూలు ఎక్కి వెంటిలేటరు సందులోంచి కాఫీ గ్లాసు అందించారు. "పంచదార సరిపోయిందాండీ అన్నయ్యగారూ?" "అమృతం చెల్లెమ్మా! నా గురించి కంగారుపడకండి, ఇక్కడ చల్లగానే ఉందండీ." మర్యాదలో లోపం జరగనే లేదని మనవి! ఒక బాత్రూములో ఇంతటి ఆతిథ్యం జరిగిన దాఖలా మన చరిత్రలో మరొకటి ఉంటే చూపించండి!

అయినా రమణ గారి మనసు కుదుటపడలేదు. కాట్రేనికోనలో ఎవరైనా 'భోజనం ఎలా జరిగిందండీ?' అని అడుగుతారు. శివనాగరాజు గారు మర్యాదస్తులు గనక బాగా జరిగిందనే అంటారు. ఆ అనడంలో ఒక చిన్న దగ్గు దగ్గుతారు. ఆ దగ్గు హారిక చెవిన పడుతుంది.

ఇక మిగిలింది ఒక్కటే. కురిడీ సుత్తి!

రమణ గారు కాళ్లు దూరంగా పెట్టి, ఇష్టదైవాన్ని తలుచుకుని, సుత్తిని తల వెనక్కి ఎత్తారు. తల వెనక్కే ఉండిపోయింది. అంటే సుత్తి తల. అది గాలిలో గుండ్రంగా తిరుగుతూ వెళ్లి అరటిబోదెల మధ్య బురదలో శాశ్వత నివాసం ఏర్పరచుకుంది. ఉత్తపిడితో ముందుకు వచ్చిన రమణ గారు, ఆ వేగానికి పట్టు తప్పి, భుజంతో తలుపు మీద పడ్డారు.

తలుపు, ఇందాకటినుంచి ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, బార్లా తెరుచుకుంది.

ఖాళీ గ్లాసు పట్టుకుని ఓ వారగా నిలబడిన శివనాగరాజు గారి పాదాల ముందు రమణ గారు సాష్టాంగపడ్డారు.

"అయ్యయ్యో! పెద్దవారు, తమరు నాకు దణ్ణం పెట్టడమేంటండీ! లేవండి, లేవండి!"

"తలుపు తీసేనండీ" అన్నారు రమణ గారు, నేలమీదినుంచే.

ఇప్పుడు చెప్పండి! అదే ఖరీదైన సుత్తి అయి ఉంటే ఏమయ్యేది? తల పిడిని వదలక, తలుపును పగలగొట్టి, అవతలి వియ్యంకుడి నుదుటిదాకా వెళ్లేది. పనిముట్టన్నవాడు పని చేయడంలో విశేషమేముంది? తాను తప్పుకుని పని జరిపించడం గొప్ప! నూట ఎనిమిది పరికరాలూ ఏకగ్రీవంగా విఫలమవడం వల్లనే ఆనాడు ఆ తలుపు తెరుచుకుంది. ఇంతటి ఐకమత్యం మరే సంస్థలో కనబడుతుంది?

విస్తళ్లు పడ్డాయి. పులుసు వడ్డించారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక రమణ గారికి భుజం నొప్పితో పాటు ఒక ఆలోచన కూడా కలిగింది. ఒక్క పూటలో మాయమైపోయే చేపకు ధర అడగని నోరు, మనవల చేతికి వెళ్లగల ఇనుప ముక్క దగ్గర మాత్రం ఎందుకు అంతలా తెరుచుకుంది? కాయ ఎరుగును, చేప ఎరుగును, నాణ్యతంతా ఎరుగును. తన చేతిలో ఉన్నదేమిటో మాత్రం ఎరగడీ పెద్దమనిషి! తనలో తానే నవ్వుకుని, తప్పును న్యాయంగా పంచారు. పుస్తెలమ్మి అయినా పటకారు కొనమని పెద్దలు ఒక్కరైనా చెప్పారా? లేదు. కాబట్టి తప్పు పెద్దలది.

"మా గడియ వల్ల తమకి శ్రమ కలిగింది బావగారూ. మనసులో పెట్టుకోకండి" అన్నారు, హారికను తలుచుకుని, వీలైనంత వినయంగా.

శివనాగరాజు గారు ముల్లు తీసి విస్తరి అంచున పెట్టారు.

"గడియెక్కడిదండీ బావగారూ? ఉండాల్సిన చోట మూడు స్క్రూ కన్నాలున్నాయండి. ఎత్తిచూపినట్టుంటుందని ఊరుకున్నాను."

రమణ గారు చేతిలోని ముద్దను విస్తట్లో పెట్టేశారు. "మరి లోపలినుంచి ఒక్క గుంజు గుంజలేకపోయేరా?"

"వియ్యాలవారి తలుపండీ! గుంజితే ఏం బాగుంటుంది?"

బుల్లెమ్మ గారు భర్త విస్తట్లో ఇంకొంచెం పులుసు వేశారు.

"ఇందాక అదే చెప్పబోయేనండీ. ఆ గడియ బిగించడానికే కదా తమరు స్క్రూడ్రైవరు కోసం కొత్తపేట వెళ్లింది."

పెట్టె కొన్ననాడే రమణ గారు భద్రపరచిన ఆ గడియ, దాని మూడు స్క్రూలతో సహా, కట్టిన పొట్లం కట్టినట్టే ఎర్రపెట్టె అడుగున ఉంది.