సాక్షి నంబర్ నాలుగు

అదొక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే అందులో ఒక పోలీసు స్టేషను, ఒక కోర్టు, ఆ రెంటి మధ్య అరిగిపోయిన ఒక కాలిబాట కూడా ఉన్నాయి. ఆ బాట అరిగింది దొంగలు తిరగటం వల్ల కాదు, దొంగల చేతిలో నష్టపోయినవాళ్లు తిరగటం వల్ల. ఈ సంగతి నాంచారమ్మకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాంచారమ్మ ఒక కౌజుపిట్ట. బలుసు పొద కింద తొమ్మిది గుడ్లు పెట్టింది. రేపటి నుంచి పొదగటం మొదలుపెడదామనుకుని, నాలుగు గింజలు ఏరుకు తిందామని వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఉడుము పోతరాజు ఎనిమిది గుడ్లు మింగేసి తొమ్మిదోదాని మీదికి నాలుక చాపుతున్నాడు. ఆమె పెట్టిన గోలకు చుట్టుపక్కల జంతువులన్నీ పరిగెత్తుకొచ్చి ఉడుమును పట్టేసుకున్నాయి. ఒక్క గుడ్డు మిగిలింది.

ఎస్సై ఎలుగుబంటి రొప్పుతూ వచ్చాడు. ఉడుమును కట్టించాడు. పొద చుట్టూ తీగ లాగించాడు. మిగిలిన గుడ్డును మోదుగాకులో చుట్టి పైన లక్క ముద్ర వేశాడు.

"అయ్యా, అది నా గుడ్డండీ," అంది నాంచారమ్మ.

"ఇందాకటిదాకా గుడ్డు. ఇప్పుడు వస్తువు నంబర్ ఒకటి."

"దాన్ని పొదగాలండీ. వారం దాటితే పొదిగినా ప్రాణం రాదు."

"సాక్ష్యం మీద ఎక్కి కూర్చుంటావా? రేపు వాడి లాయరు లేచి, ఈ సాక్ష్యం వెచ్చగా ఎందుకుందని అడిగితే నేనేం చెప్పుకోను?"

"పోనీ, నా పొదలోకైనా వెళ్లనివ్వండి."

"అది నేరస్థలం. కోర్టు అమ్మగారు వచ్చి కళ్లారా చూసేదాకా అందులో ఆకు కూడా కదలకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రూలు." ఎలుగుబంటి గుడ్డు మూట చంకన పెట్టుకుని వెళ్లి సాక్ష్యాల గుహలో పడేశాడు. మధ్యాహ్నం పూట కూడా చలి పుట్టే గుహ అది.

మర్నాడు నాంచారమ్మ కోర్టుకు వెళ్లింది. గుమ్మం మీద పెద్ద టేకాకు వేలాడుతోంది. కిందటి నెల అడవి సభవాళ్లు బాధితుల హక్కుల వారోత్సవం చేసి, ఉపన్యాసాలిచ్చి, దండలు వేసుకుని, వేలాడదీసిన పత్రం అది. బాధితులకు ఎప్పటికప్పుడు సమాచారం ఇవ్వాలి, బాధితుల మాట వినాలి, బాధితులను గౌరవించాలి అని రాసి ఉంది.

గుమాస్తా తాబేలు తల బయటికి పెట్టి, "ఎవరు నువ్వు?" అన్నాడు.

"గుడ్లు పోయినదాన్నండీ. నా పేరు..."

"పేరెందుకు? ఎస్సై గారు ఒకటి. పంచనామా మీద సంతకం పెట్టిన కుందేళ్లు రెండు, మూడు. నువ్వు సాక్షి నంబర్ నాలుగు. బయట నిలబడు."

"లోపల నా కేసే కదండీ నడుస్తోంది!"

"అందుకే బయట నిలబడమంటున్నాను. సాక్షి ముందే అంతా వింటే సాక్ష్యం పాడైపోతుంది."

"మరి ఆ టేకాకు మీద రాసిందేమిటండీ?"

"చదువుకో. చదువుకోవటానికి ఎవరూ అడ్డు చెప్పరు," అని తాబేలు తల లోపలికి లాక్కున్నాడు.

న్యాయాధికారి ఆడ నెమలి. చాలా పద్ధతి గలదని పేరు. సాయంత్రానికి సాక్షి నంబర్ నాలుగును పిలిచింది.

"అమ్మగారూ, నా గుడ్డు గుహలో..."

"అడిగినదానికే జవాబు చెప్పాలి. ఉడుము తోక పొడవెంత?"

"నేను తోక చూడలేదమ్మా, నోరు చూశాను. నా గుడ్డు..."

"గుడ్డు సంగతి వచ్చే వాయిదాలో." వచ్చే వాయిదా పదిహేను రోజులకు పడింది.

నాలుగో రోజు పొద్దున ఆ అరిగిన బాట మీదే ఉడుము ఎదురొచ్చాడు. నున్నగా, నిగనిగలాడుతూ ఉన్నాడు.

"ఏం నాంచారమ్మా, బాగున్నావా? నాకు బెయిలొచ్చిందిలే. నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

 స్టేషనులోగాని కోర్టులోగాని ఒక్కరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. పిలిచినవాడు వీడొక్కడే.

పరుగున సర్కారు లాయరు నక్క దగ్గరికి వెళ్లింది. "మీరు నా లాయరే కదండీ, నాకొక్క మాటైనా చెప్పొద్దా?" అంది.

"నీ లాయరునని నీకెవరు చెప్పారు?" నక్క కాగితం చూపించాడు. "కేసు పేరు చూడు. అడవి వర్సెస్ పోతరాజు. ఇందులో నువ్వెక్కడున్నావు?"

"గుడ్లు పోయింది నావి కదండీ?"

"నష్టం నీది, కాదన్నదెవరు? కేసు మాత్రం అడవిది."

"మరి వాడు అంత కులాసాగా ఎలా ఉన్నాడండీ?"

"వాడు ముద్దాయి! ముద్దాయికి హక్కులుంటాయమ్మా. లాయరు లేడంటే మేమే పెడతాం. ఉడుముకు ఎండ తగలకపోతే ఒంటికి పడదని డాక్టరు రాసిచ్చాడు. అందుకని లాకప్పులో ఉన్నన్నాళ్లూ ఎండ పడే బండ మీద ఉంచాం. వాడికి చెప్పకుండా పూచికపుల్ల కూడా కదపం. నువ్వూరికే తిరిగి నా బుర్ర తినకు."

గుడ్లు తిన్నవాడికి ఎండబండ, తినకుండా మిగిలిన గుడ్డుకు చలిగుహ. నాంచారమ్మకు ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. ఆ మంటలోనే బుర్ర చురుగ్గా పనిచేసింది. నక్క చెప్పిన మాటలు, పొద దగ్గర ఎలుగుబంటి చెప్పిన రూలు, రెండూ కలిపి నెమరేసుకుంది.

పట్టపగలు, అందరూ చూస్తుండగా, తిన్నగా సాక్ష్యాల గుహలోకి నడిచింది. ముక్కుతో లక్క ముద్ర పగలగొట్టింది. మోదుగాకు చించింది. గుడ్డు చల్లగా తగిలింది. దానిమీద రెక్కలు పరిచి కూర్చుని, "నేరం చేశానహో!" అని అడవి దద్దరిల్లేలా అరిచింది.

ఎలుగుబంటి పడుతూ లేస్తూ వచ్చాడు. "సాక్ష్యం పాడుచేస్తావా? పద లాకప్పుకు! లే!"

"లేవనండీ. ఇది నేరస్థలం. అమ్మగారు వచ్చి కళ్లారా చూసేదాకా ఉన్నది ఉన్నట్టు ఉండాలి. నేను లేస్తే ఉన్నది ఉన్నట్టు ఎలా ఉంటుంది?"

ఎలుగుబంటి తల గోక్కున్నాడు. రూలు నిజమే. తానే ఎన్నోసార్లు చెప్పిన రూలు. చేసేదేమీ లేక కాగితం తీశాడు.

"నీ పేరేమిటి?"

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "నాంచారమ్మండీ," అంది.

అప్పటి నుంచి మర్యాదలు మొదలయ్యాయి. ముద్దాయి కదా! పూటపూటకూ గింజలు వచ్చాయి. డాక్టరు వచ్చి, ఈ గుహ చలి ముద్దాయి ఒంటికి పడదని రాశాడు. గుహ నిండా ఎండుగడ్డి పరిచారు. లాయరు లేడనగానే కాకిని పెట్టారు. నాంచారమ్మ కాకిని ఒక్కటే కోరింది: "నా కేసు మాత్రం తొందరపడి నడిపించొద్దండీ."

"అంతేనా! నేను పుట్టిందే అందుకు," అన్నాడు కాకి.

అమ్మగారు గుహ చూడటానికి రావాల్సిన రోజు కాకికి గొంతు బాగాలేదు. ఇంకో రోజు నక్క పెళ్లికి వెళ్లాడు. ఇంకోసారి తాబేలు కాగితాలు పట్టుకుని బయల్దేరాడుగాని చేరేసరికి వాయిదా తేదీ దాటిపోయింది. ఇలా ఇరవై రోజులు గడిచాయి. ఆ కోర్టు చరిత్రలో ఆలస్యం వల్ల ఒకరికి మేలు జరగటం అదే మొదటిసారి.

ఇరవై ఒకటో రోజున నెమలి బలగంతో సహా గుహకు వచ్చింది. "ముద్దాయి లేవాలి," అంది. నాంచారమ్మ లేచింది. కింద రెండు పెంకు ముక్కలు, వాటి మధ్య తడిసిన బొచ్చుతో ఒక పిల్ల. అది నెమలిని చూసి కిచమంది.

"వస్తువు నంబర్ ఒకటి ఎక్కడ?" అన్నాడు తాబేలు.

 నెమలి అందరినీ కోర్టుకు తీసుకెళ్లి తీర్పు చెప్పింది. సాక్ష్యం లేదు కాబట్టి పోతరాజు మీది కేసు కొట్టేశారు. సాక్ష్యం మాయం చేసిన నాంచారమ్మకు శిక్ష ఇరవై రోజులు, అది ఇప్పటికే అనుభవించేసింది. ఒక్కరోజులో రెండు కేసులు తేలాయని నక్క చంకలు గుద్దుకున్నాడు. టేకాకు పాతబడిందని సభవాళ్లు కొత్త ఆకు కట్టారు.

ఉడుము గుండెల మీద చెయ్యేసుకుని కోర్టు బయటికి నడిచాడు. కోర్టు వెనక గడ్డిలో నెమలి గూడు ఉంది. అందులో ఐదు గుడ్లు.

నెమలి జుట్టు చెదిరి, వగరుస్తూ స్టేషనుకు వచ్చేసరికి ఎలుగుబంటి అప్పటికే మిగిలిన ఒక్క గుడ్డును మోదుగాకులో చుట్టేస్తున్నాడు.

"నేనెవరో తెలుసా?" అంది నెమలి.

"తెలుసమ్మగారూ. సాక్షి నంబర్ నాలుగు," అని లక్క కరిగించాడు ఎలుగుబంటి.

వారం తిరగటానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, నెమలి ఆ అరిగిన బాట వెంబడి నడుచుకుంటూ బలుసు పొద దగ్గరికి వచ్చింది. నాంచారమ్మ పిల్లకు గింజ కొరికి పెడుతోంది. ఒక తల్లి మొహం చూస్తే ఇంకో తల్లికి చెప్పనక్కర్లేదు. నాంచారమ్మకు జాలేసింది. కోపం కూడా పూర్తిగా పోలేదు.

"ఏం చెయ్యను నాంచారమ్మా?" అంది నెమలి.

"ఏముందమ్మగారూ, ముందు ఒక నేరం చేసి రండి. మిగతావన్నీ వాళ్లే చూసుకుంటారు."

నీతి: నేరం వల్ల నష్టపోతే మీకో నంబరిస్తారు, పేరు అడగాలంటే నేరం మీరే చేయాలి.