హైడ్రోజన్ గారి శాశ్వత చిరునామా

సృష్టిలోని ప్రతి హైడ్రోజన్ పరమాణువూ తాను ఎవరింట్లో ఉంటున్నదీ ముందుగా తెలియజేసిన తర్వాతే ఉండవలెనని ఉత్తరాంధ్ర ప్రాంతీయ స్ఫటిక పరీక్షా కేంద్రం వారు నిర్ణయించారు. విజయనగరం శివార్లలోని వారి మూడంతస్తుల భవనంలో, రెండు విడతల టీ తర్వాత, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. హైడ్రోజన్ తరఫున ఎవరూ హాజరు కాలేదు (నోటీసు పంపినట్టు రికార్డుల్లో ఉంది).

ఈ తీర్మానం మొదట తగిలింది ఉషకి. ఆమె రాజాంలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వాళ్లది కళింగపట్నం వైపు చేపలు పట్టుకునే కుటుంబం. తల్లి లక్ష్మణమ్మ రాజాం బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది. కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ఆమె ఒకే జవాబు చెబుతుంది. "పలుకులు పెంచుతాది."

అది నిజమే, పలుకులంటే స్ఫటికాలు. ఉష దగ్గర రెండు పొడులుండేవి. ఒకటి ఆమ్లం, సాస్ సీసాల మీద చిన్న అక్షరాల్లో కనిపించే బెంజోయిక్ ఆమ్లం వంశానిది. రెండోది విటమిన్ మాత్రల్లో ఉండే నికోటినమైడ్. రెండింటినీ స్పిరిటులో కరిగించి, సీసా మూతకి సూదితో చిల్లులు పొడిచి, కదపకుండా వదిలేస్తే స్పిరిటు మెల్లగా ఆవిరవుతుంది. అప్పుడు ఆమ్లం చివరనున్న హైడ్రోజన్ పక్కనున్న అణువులోని నైట్రోజన్ వైపు చేయి చాపుతుంది. దాన్నే హైడ్రోజన్ బంధం అంటారు. అదేమంత గట్టి బంధం కాదు. పక్కింటికి గిన్నెడు కూర పంపేంత చుట్టరికం. కానీ లెక్కలేనన్ని అణువులు ఒకే వరుసలో, ఒకే వైపు తిరిగి నిలబడి అలా గిన్నెలు మార్చుకుంటే దానికి అంచులొస్తాయి, మెరుపొస్తుంది, స్ఫటికమవుతుంది.

మూడేళ్లలో పదిహేడుసార్లు ఉషకి వచ్చింది బురద. పద్దెనిమిదోసారి, జూలై మూడో వారంలో, సీసా అడుగున నువ్వుగింజలో సగముండే పలుకొకటి కనిపించింది. నీళ్లలాగా తేటగా ఉంది. ఉష ఆ పూట అన్నం తినలేదు, లాబ్ చుట్టూ మూడుసార్లు నడిచి మళ్లీ వచ్చి చూసింది. అక్కడే ఉంది.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ హైడ్రోజన్ ఆమ్లం దగ్గరే ఉండి చేయి మాత్రం చాపిందా, లేక ఇల్లు ఖాళీ చేసి నైట్రోజన్ దగ్గరికి మకాం మార్చేసిందా? మకాం మారిస్తే ఆ పలుకు ఉప్పు కింద లెక్క. మార్చకపోతే కాదు. ఉష సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయమంతా ఈ జవాబు కోసం ఖాళీగా కూర్చుంది. గ్రంథం ఇవ్వడానికి గడువు ఆగస్టు ఆఖరు. ఎక్స్‌రే యంత్రం తప్ప ఇంకెవరూ ఆ జవాబు చెప్పలేరు. యంత్రం కేంద్రంలో ఉంది. కేంద్రంలోకి వెళ్లే దారి 'స్ఫటిక సేతు' అనే పోర్టల్‌లో ఉంది.

పోర్టల్ మొదటి పేజీలోనే ఉష ఒకరోజు గడిపింది. ఆధార్‌లో ఆమె ఊరు శ్రీకాకుళం జిల్లా. కాలేజీ సర్టిఫికెట్‌లో రాజాం విజయనగరం జిల్లా. పోర్టల్‌లో రాజాం ఇంకా శ్రీకాకుళంలోనే ఉంది (జిల్లాలు మారినప్పుడు దానికి ఎవరూ చెప్పినట్టు లేదు). ఇదంతా దాటి వెళితే పదిహేడో గడి ఎదురైంది. 'హైడ్రోజన్ ప్రస్తుతం ఎవరి వద్ద నివసించుచున్నది? అ) ఆమ్లం. ఆ) నైట్రోజన్.' తెలియదు అనే గడి లేదు. కింద ఎర్రటి అక్షరాల్లో 'తప్పుడు సమాచారమిచ్చినవారి శాంపిల్ తిరస్కరించబడును' అని ఉంది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒక మృదువైన గొంతు ఇలా వివరించింది. హైడ్రోజన్ ఎక్కడుందో తెలియని అభ్యర్థులు కంగారు పడనక్కర్లేదు. ముందు తమ శాంపిల్‌ను కేంద్రంలోని యంత్రంలో పరీక్ష చేయించుకుని, ఆ ఫలితాన్ని జతపరచి, కేంద్రంలోని యంత్రంలో పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఉష పదిహేడో గడి ఖాళీగా వదిలేసి, బస్సెక్కి విజయనగరం వెళ్లింది.

కేంద్రం సూపరింటెండెంట్ పేరు డేవిడ్‌రాజు. బాప్టిస్టు చర్చి పాటల బృందంలో ముందు వరుస మనిషి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన ఫైలుకి ఒక్క మచ్చ పడలేదు. ఆగస్టు నెలాఖరున రిటైరవుతున్నారు, అంతవరకూ మచ్చ పడకూడదన్నదే ఆయన కోరిక. ఆయన ఉష దరఖాస్తు ప్రింటు తీయించి, ప్రతి పేజీ తడి చేసిన వేలితో తిప్పి చూశారు.

"అంతా బాగుంది గాని, సూడమ్మా, ఇక్కడ బాండ్ ఉన్నాదని రాసేవు. కాపీ జతచెయ్యలేదు."

"అది హైడ్రోజన్ బాండ్ సార్."

"ఏ బాండయినా ఇక్కడ రూలొకటే. స్టాంపు పేపరు మీదుండాలి. ఎవరెవరికి మధ్య?"

"ఆమ్లానికీ నికోటినమైడ్‌కీ మధ్య సార్. కానీ అవి కాగితం రాసుకోవు కదా."

"రాసుకోకపోతే అదేం బాండమ్మా? రేపు ఒకళ్లు కాదన్నారనుకో, ఎవరిని పట్టుకుంటాం?"

ఈ ప్రశ్నకి ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. ఉంటే బాగుండేదనుకుంటూ ఉష రాజాం తిరిగొచ్చేసింది.

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా చెట్టు కింద టైపు చేసే దస్తావేజు లేఖరి గంగులు విషయమంతా విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆయన అంతకన్నా విచిత్రమైన పంపకాలు రాశాడు.

"మొదటి పార్టీ పేరు ఆమ్లం. సరే. తండ్రి పేరేటి?"

"తండ్రంటే... టోలుయిన్ అని రాయండి. దాని నుంచే తయారు చేస్తారు."

"రెండో పార్టీకి?"

"నికోటినిక్ ఆమ్లం."

"ఇద్దరి ఇళ్లల్లోనూ ఆమ్లాలే. బాగుంది సంబంధం. హద్దులు సెప్పు."

ఉష తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణాలకి ఇరుగుపొరుగు అణువుల పేర్లు చెప్పింది. బంధం పొడవు ఎంతని అడిగితే ఒక మిల్లీమీటరులో నలభై లక్షలవ వంతు ఉండొచ్చని చెప్పింది. గంగులు దాన్ని గజాల్లోకి మార్చబోయి, మధ్యలో మానేసి 'స్వల్పము' అని రాశాడు.

ఈలోగా వానలు పట్టాయి. ఆగస్టు రెండో వారానికి లాబ్ గోడలు చెమర్చాయి. పలుకు ఒక అంచున మబ్బు పట్టడం మొదలైంది. ఉష సీసా తీసుకుని ఇంటికి పరిగెత్తింది. లక్ష్మణమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఏటే ఇది, ఉప్పుపలుకులాగున్నాది?"

"అది ఉప్పో కాదో తెలీకే కదమ్మా ఇన్ని తిరుగుళ్లు."

"ఉప్పయితేనేటి, కాకపోతేనేటి. తేమ తగిలితే ఏదయినా సస్తాది." అని ఆమె మూత బిగించి, గుడ్డలో చుట్టి, సీసాని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో నిలువునా పాతేసింది. "ఏ రోజు కావాలో సెప్పు, నాను పట్టుకొస్తాను."

మబ్బు అక్కడితో ఆగింది.

ఆగస్టు ఇరవయ్యో తేదీన తల్లీకూతుళ్లిద్దరూ బియ్యం డబ్బాతో సహా కేంద్రానికి వెళ్లారు. డేవిడ్‌రాజు బాండు పేపరు రెండుసార్లు చదివి సంతోషించారు. అయితే పదిహేడో గడి ఖాళీ గనుక నివాస ధ్రువీకరణ మిగిలే ఉంది. నియమం పద్నాలుగు ప్రకారం బాధ్యతగల అధికారి ఒకరు హైడ్రోజన్‌ను స్వయంగా కళ్లతో చూసి, అది ఫలానా ఇంట్లో ఉందని సంతకం చేయాలి.

"కళ్లకి కనబడదు సార్," అంది ఉష.

"మైక్రోస్కోపులో?"

"అందులోనూ కనబడదు. పలుకు మాత్రం కనబడుతుంది."

"ఆ పలుకైనా సూపించు. ఏదో ఒకటి సూసేనని రాసుకోవాలి కదా."

యంత్రం నడిపే శైలజ అనే అమ్మాయి తన గదిలోకి తీసుకెళ్లింది. లక్ష్మణమ్మ బియ్యంలోంచి సీసా తవ్వి తీసింది. శైలజ సన్నటి సూదితో పలుకుని గాజుపలక మీద నూనెచుక్కలో పెట్టి, మైక్రోస్కోపు సరిచేసి పక్కకి జరిగింది. డేవిడ్‌రాజు కళ్లజోడు తీసి వంగారు.



నల్లటి చీకట్లో నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, రూళ్లకర్రతో గీసినట్టున్న అంచుల మధ్య వెలుగుతున్నాయి. శైలజ చెప్పినట్టు ఆయన కింది పళ్లేన్ని వేలితో తిప్పారు. రంగులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"ఆరిపోయిందమ్మా," అన్నారాయన. ఆ గొంతులో పాపం చేసినవాడి భయముంది.

"ఇంకొంచెం తిప్పండి సార్. స్ఫటికమైతే మళ్లీ వెలుగుతుంది," అంది శైలజ.

తిప్పారు. వెలిగింది. మళ్లీ తిప్పారు. ఆరింది. ఇంకోసారి తిప్పి, ఎవరివైపూ చూడకుండా, "ఇరవయ్యెనిమిదేళ్లమ్మా. ఇన్నాళ్లూ వీటికి నంబర్లేసేనంతే. ఒక్కటీ సూళ్లేదు," అన్నారు.

ఆ మాట వరండాలోకి పాకింది. టపాలు చూసే ఆవిడ వచ్చి చూసింది. వాచ్‌మన్ టోపీ తీసి చూశాడు. పది నిమిషాల్లో వరుస మెట్ల దాకా వెళ్లింది, పావుగంటలో టోకెన్లిచ్చారు, అరగంటలో ఎవరో టోకెన్ లేకుండా దూరిపోయారని ఫిర్యాదొచ్చింది. భోజన విరామం గంట మోగితే ఒక్కరూ కదల్లేదు (కేంద్రం చరిత్రలో ఇది మొదటిసారి). లక్ష్మణమ్మ పళ్లెం పక్కనే నిలబడి, ఒక్కొక్కరినీ, "మెల్లిగా తిప్పు బాబూ, మా పిల్ల మూడేళ్లు పెంచింది," అంటూ లోపలికి వదిలింది. ఉష మూలన కుర్చీలో కూర్చుని నవ్వుతూనే ఉంది, ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

డేవిడ్‌రాజు తన బల్ల దగ్గరికి వెళ్లి ఫైలు తెరిచారు. రిటైర్మెంటుకి పదకొండు రోజులున్నాయి. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి, ఇలా రాశారు. 'హైడ్రోజన్‌ను చూడలేదు. ఉన్నదని నమ్ముచున్నాను. పరీక్షకు అనుమతించవచ్చును.' (కనిపించనిదాన్ని నమ్మడం ఆయనకి ప్రతి ఆదివారం అలవాటే. ఫైలులో రాయడమే కొత్త.)

"రూలు ఒప్పుతుందా సార్?" అడిగింది ఉష.

"ఒప్పదమ్మా. బేగి ఎల్లు, రూలు నిద్ర లేవకముందే."

శైలజ పలుకుని సన్నటి దారపు కొసకి ఎక్కించి, చల్లని నైట్రోజన్ గాలి కింద నిలబెట్టి, తలుపు మూసింది. యంత్రం పలుకుని నెమ్మదిగా తిప్పుకుంటూ ఎక్స్‌కిరణాలు వేసింది. చెదిరిన కిరణాలు తెర మీద చుక్కలుగా పడ్డాయి. నాలుగు గంటల తర్వాత శైలజ చుక్కలన్నీ లెక్క కట్టించి, చివరికి మిగిలిన ఒక చిన్న మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇదుగో హైడ్రోజన్. ఆమ్లం దగ్గరే ఉంది. కానీ బాగా నైట్రోజన్ వైపు వంగి ఉంది, మామూలుగా ఇంత వంగదు."

"అంటే ఉప్పు కాదు," అంది ఉష. ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపొచ్చింది.

లక్ష్మణమ్మ తెర మీదికి వంగి చూసింది. "గుమ్మంలో నిలబడి పక్కింటోళ్లతో కబుర్లాడతన్నాది. దీనికింత గోలేటే? ఏ ఇంటిదో కాళ్లు సూస్తే తెలీదేటి?"

నాలుగో అధ్యాయానికి కావలసిన జవాబు దొరికింది. అయితే ఫలితం కాగితం బయటికివ్వాలంటే దాన్ని ముందు ఫైలులో అతికించి నంబరు వేయాలి. ఫైలు ఆ సాయంత్రమే పై అంతస్తుకి వెళ్లిపోయింది. 'నమ్ముచున్నాను' అన్న మాటకి పరిపాలనా పరమైన అర్థమేమిటో తెలపాలని అక్కడ ఒకరు రాశారు. దాన్ని న్యాయ సలహాకి పంపాలని ఇంకొకరు రాశారు. పంపారని ఒకరు, అందలేదని ఒకరు రాశారు.

విశ్వవిద్యాలయం వారు దయతలచి ఉషకి ఆరు నెలల గడువు పెంచారు, ఆ తర్వాత మరో ఆరు నెలలు పెంచారు. ఫలితం తెర మీద చూసుకోవచ్చు, రాసుకోకూడదు అని కేంద్రం వారు వివరణ ఇచ్చారు. ఆమె ప్రతి మంగళవారం వెళ్లి చూసుకుని వస్తోంది. డేవిడ్‌రాజు రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనా మంగళవారాలు వచ్చి, టోకెన్ తీసుకుని, ఆ ఫైలు సంగతి అడగడానికి విచారణ కిటికీ ముందు వరుసలో నిలబడుతున్నారు.

హైడ్రోజన్ ఎక్కడుందో యంత్రం నాలుగు గంటల్లో చెప్పింది. ఫైలు ఎక్కడుందో ఏడాదైనా ఎవరూ చెప్పలేదు.